ముందు సరస్సు, తర్వాత చెట్లు: పులికాట్, నేలపట్టు పక్షుల యాత్రపై మీ ప్రశ్నలకు జవాబులు

చలి మొదలైంది కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం పక్షులకే కేటాయించాం. వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు సూళ్లూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సు, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యం గురించే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాల్ని కలిపి ఒకచోట జవాబిచ్చాం.

ప్రశ్న: చెన్నైలో ఉంటున్న ఎనిమిది మంది స్నేహితులం. జనవరిలో ఒక ఆదివారం పులికాట్, నేలపట్టు రెండూ చూసి రాత్రికి ఇల్లు చేరాలని ఉంది. పోయినేడు పొద్దున నేలపట్టు చూసుకుని పదకొండింటికి సరస్సు దగ్గరికి వెళ్లాం. దూరంగా ఒక తెల్లటి గీత వణుకుతూ కనిపించింది, అంతే. పొరపాటు ఎక్కడ జరిగింది? (ఒక పాఠకుడు, చెన్నై)

వరస తిరగబడింది. మీరు చూసిన ఆ తెల్లగీత ఫ్లెమింగోల గుంపే అయివుంటుంది. వణికింది గాలి. ఎండెక్కేసరికి బురదనేల, లోతులేని నీళ్లు వేడెక్కి పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. అరకిలోమీటరు అవతలున్న పక్షి ఆ పొరలోంచి కరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టినా పక్షితోపాటు ఆ వణుకు కూడా పెద్దదవుతుందే తప్ప బొమ్మ తేటపడదు. మబ్బు పట్టిన రోజైతే తప్ప, జనవరిలో కూడా తొమ్మిదిన్నర దాటాక సరస్సు మీద దూరపు చూపు పనికిరాదు. నేలపట్టులో ఈ చిక్కు లేదు. అక్కడ పక్షులు చెరువు మధ్య చెట్లమీద గూళ్లలో, దగ్గరగా ఉంటాయి. ఎండలోనూ కనిపిస్తాయి. అందుకే పొద్దున సరస్సు, మధ్యాహ్నం దాటాక నేలపట్టు.

చెన్నై నుంచి సూళ్లూరుపేట సుమారు 80 కిలోమీటర్లు. నాలుగు, నాలుగుంబావుకల్లా బయల్దేరితే ఆరింటికి సూళ్లూరుపేటలో కాఫీ తాగొచ్చు. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. అప్పటికి మీరు శ్రీహరికోట రోడ్డు మీద ఉండాలి.

ఆ రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి తూర్పుగా, సరస్సుని అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. కుడివైపూ నీళ్లే, ఎడమవైపూ నీళ్లే. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, దక్షిణం మీదుగా నడిచి, నైరుతిలో అస్తమిస్తాడు. అంటే రోడ్డుకి ఉత్తరంవైపు చూసేవాళ్లకి సూర్యుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వీపు వెనకే ఉంటాడు. రంగులు, ముక్కు మీది మచ్చలు, కాళ్లు అన్నీ తేటగా కనిపిస్తాయి. దక్షిణంవైపు చూస్తే అదే పక్షి నల్లటి నీడబొమ్మ. మన అదృష్టం, మన దేశంలో బండి ఎడమవైపున నడుస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు మీ కారు ఉత్తరం అంచునే ఉంటుంది. కాబట్టి వెళ్లేటప్పుడే ఆగుతూ ఆగుతూ ఎడమవైపు చూసుకోండి. వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుంటే వెలుతురూ పోతుంది, రోడ్డుకి అవతలి పక్కనా ఉంటారు. మధ్యలో అటకానితిప్ప దగ్గర బండి నింపాదిగా ఆపుకోవడానికి వీలుంటుంది. మిగతాచోట్ల రోడ్డు మార్జిన్‌లోకి పూర్తిగా దిగి ఆపండి. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు ఆ రోడ్డు మీద వేగంగా వెళ్తాయి. ఎనిమిది మందీ కారు దిగి తారు మీద నిలబడి ఫొటోలు తీసుకోవడం ప్రమాదం.

తొమ్మిదిన్నరకి వెనక్కి తిరిగి సూళ్లూరుపేటలో టిఫిన్ తినండి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, దర్శనం చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం, కాస్త విశ్రాంతి అయ్యాక మూడింటికి నేలపట్టు చేరితే చాలు. హైవే మీద నెల్లూరు వైపు వెళ్లి దొరవారిసత్రం దగ్గర దిగాలి. నాలుగు నుంచి ఐదున్నర మధ్య మేతకెళ్లిన పక్షులు గుంపులుగా గూళ్లకి తిరిగొస్తాయి. రోజు మొత్తంలో చూడదగ్గ దృశ్యం అదే, దానికోసమే సాయంత్రాన్ని అట్టిపెట్టమంటున్నాం. గేటు మూసే వేళ లోపలికి వెళ్లేటప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: తుపాను వెళ్లిన వారానికి, సరస్సు నిండుగా ఉందని విని డిసెంబర్ మొదట్లో వెళ్లాం. నీళ్లు పొంగుతున్నాయి గానీ పక్షులు లేవు. నీళ్లుంటేనే గదా పక్షులొచ్చేది? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

నీళ్లు ఉండాలి, కానీ తక్కువ ఉండాలి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తారీకు ఎంచుకోవడం సులువు.

ఫ్లెమింగో బురదలో నిలబడి, తల నీళ్లలో ముంచి తింటుంది. కాళ్లు ఎంత పొడుగైనా అడుగు అందాలి. చెంచామూతి బాతు, సూదితోక బాతు నీటి పైపైన, లేదంటే తలకిందులుగా మునిగి మెడ అందినంత మేర తింటాయి. ఇక చిన్న ఉల్లంకి పిట్టలకైతే నీళ్లు రెండు సెంటీమీటర్లు దాటితే కష్టం. వాటికి కావలసింది తడి బురద. సరస్సు పొంగినప్పుడు వీటన్నిటికీ కాళ్లు ఆనే చోటు పోతుంది. అవి దగ్గర్లోని చెరువులకి, పొలాలకి, ఇంకా దక్షిణానికి సర్దుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి, నీరు తీస్తున్నకొద్దీ రోజుకింత కొత్త బురద బయటపడుతుంది. ఆ అంచునే పురుగులు, చిన్న రొయ్యలు, నత్తలు దొరుకుతాయి. పక్షులు ఆ అంచుతోపాటు జరుగుతూ వస్తాయి.

మామూలు సంవత్సరంలో జనవరి మొదటివారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా సరస్సుకి మంచికాలం. వానలు బాగా ఎక్కువైన ఏడాది ఇంకో రెండు మూడు వారాలు ఆలస్యంగా వెళ్లండి. వానలు ఎగ్గొట్టిన ఏడాది తొందరపడండి. ఉత్తర పులికాట్‌లో లోతు తక్కువ కాబట్టి త్వరగా ఎండుతుంది. వెళ్లేముందు సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లని ఒక్కటే అడగండి: రోడ్డు పక్కన నీళ్లలో నిలబడితే ఎక్కడిదాకా వస్తున్నాయి? మోకాలి కింద అంటే బయల్దేరండి. నడుము అంటే ఆగండి.

నేలపట్టు లెక్క వేరు. అక్కడ చెరువులో నీళ్లు నిండుగా ఉండాలి. చెట్టు మొదలు నీటిలో ఉంటేనే గూటికి భద్రత. చెరువు ఎండితే కుక్కలు, నక్కలు చెట్టుకిందికి చేరతాయి. కాబట్టి ఒకే వానాకాలం రెండుచోట్లా ఒకేలా పనిచేయదు.

ప్రశ్న: ఈ పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తాయా? మా ఊళ్లో అందరూ సైబీరియా కొంగలంటారు. (గుంటూరు, శ్రీకాకుళం, తడ నుంచి ముగ్గురు పాఠకులు)

మాకు ఏటా వచ్చే ప్రశ్న ఇది. ఏటా ఓపిగ్గా చెబుతాం, ఎందుకంటే అసలు సంగతి మనం అనుకునేదానికంటే గొప్పది.

సైబీరియన్ క్రేన్ అనే పక్షి వేరే ఉంది. అది మనదేశంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది. 2001–02 చలికాలం తర్వాత అక్కడా కనిపించలేదు. తేలినీలాపురం, ఉప్పలపాడు, నేలపట్టులలో గూడు కట్టే గూడబాతు (పెలికాన్), ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్లకొంగ మనదేశపు పక్షులు. వానల్నిబట్టి, చెరువుల్నిబట్టి దేశంలోనే అటూఇటూ తిరుగుతాయి. గూడు ఎక్కడ కడితే అదే పుట్టిల్లు. నేలపట్టులో గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల ఆంధ్రా పక్షే, సైబీరియాది కాదు.

ఫ్లెమింగోల సంగతీ అంతే. మనదేశంలో వాటి పెద్ద పురుడుగది గుజరాత్‌లోని కచ్ రణ్. ఉప్పునీటి మధ్య బురదని గుండ్రంగా దిబ్బ పోసి, దాని నెత్తిమీద గుంటలో గుడ్డు పెడతాయి.

మరి సైబీరియా నుంచి ఎవరు వస్తారు? మీరు ఫ్లెమింగోని చూస్తున్నప్పుడు దాని కాళ్లదగ్గర బురదలో, కుట్టుమిషను సూదిలా ముక్కు ఆడిస్తూ పరిగెత్తే బూడిదరంగు చిన్నపిట్టలు ఉంటాయి చూడండి. వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి బరువు పాతిక ముప్ఫై గ్రాములు, కోడిగుడ్డులో సగం. అది పుట్టేది ఆర్కిటిక్ సముద్రం అంచున, రష్యా ఉత్తర కొసల్లో. అక్కడ వేసవి రెండు నెలల్లో పిల్లల్ని చేసి, చలి తరుముతుంటే వేల కిలోమీటర్లు ఎగిరి మన బురదకి వస్తుంది. వంపుముక్కు ఉల్లంకి, అంటే కర్లూ శాండ్‌పైపర్, కూడా ఆ మంచునేలల పిట్టే. సూదితోక బాతులు ఉత్తర ఆసియా నుంచి వస్తాయి. రోడ్డు పక్క స్తంభాల మీద వాలే బ్రౌన్ హెడెడ్ గల్‌లు లడఖ్, టిబెట్ పీఠభూముల సరస్సుల దగ్గర పుడతాయి. చలికాలంలో వాటి గోధుమరంగు తల తెల్లబడి, చెవి దగ్గర ఒక మరక మాత్రం మిగులుతుంది, అందుకే పుస్తకంలో బొమ్మతో పోల్చుకుని తికమకపడతారు.

ఈ దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. కాబట్టి పిల్లలకి సైబీరియా పక్షిని చూపించాలంటే పెద్దపక్షి వైపు కాదు, దాని పాదాల వైపు వేలు చూపించండి.

ప్రశ్న: ఆన్‌లైన్లో 20×50 బైనాక్యులర్ చవకగా దొరుకుతోంది. 8×42 అయితే దీనికి రెండింతలు ధర. ఎక్కువ పెద్దదిగా చూపించేదే మంచిది కదా? పైగా ఉన్న పాతదాంట్లో నాకు రెండు బొమ్మలు కనిపిస్తున్నాయి. (ఒంగోలు)

8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకెని మొదటిదానితో భాగిస్తే కంటిదాకా వచ్చే వెలుతురు వలయం ఎంత వెడల్పో తెలుస్తుంది. 8×42 లో అది 5 మిల్లీమీటర్ల పైమాట, 20×50 లో రెండున్నరే. తెల్లవారుజామున మసక వెలుతురులో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంకో ఇబ్బంది చెయ్యి వణుకు. 20 రెట్లు అంటే వణుకూ 20 రెట్లే, స్టాండ్ లేకుండా పక్షి నిలవదు. పైగా చూపు పరిధి ఇరుకు, ఎగిరే పక్షిని అందులో పట్టుకోవడం కష్టం. 10×42 పరవాలేదు, చెయ్యి నిలకడగా ఉన్నవాళ్లకి సరస్సు మీద కొంచెం లాభం కూడా. 10 నుంచి 100 దాకా జూమ్ అని రాసిన వాటి జోలికి పోవద్దు.

రెండు బొమ్మల విషయం. ముందు కింది పని చేయండి, సగం మందికి దీంతోనే సరిపోతుంది. కళ్లద్దాలుంటే కంటిదగ్గరి రబ్బరు గిన్నెల్ని కిందికి తిప్పెయ్యండి, లేకపోతే పైకి లేపండి. రెండు గొట్టాల్ని పుస్తకంలా మడుస్తూ, విప్పుతూ రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రం అయ్యేచోట ఆపండి. దూరంగా అక్షరాలున్న ఒక బోర్డు ఎంచుకోండి. కుడి గొట్టం ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్యచక్రం తిప్పి అక్షరాలు తేటచేయండి. ఇప్పుడు ఎడమది మూసి, మధ్యచక్రం ముట్టుకోకుండా, కుడికంటి దగ్గర ఉన్న సన్నటి రింగు మాత్రం తిప్పి అదే బోర్డుని తేటచేయండి. కన్ను మూసుకోవడం కంటే అద్దాన్ని చేత్తో మూయడమే మేలు, ఒక కన్ను గట్టిగా మూస్తే రెండోది కూడా చిట్లుతుంది. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. అది మీ కంటి అంకె, ప్రతిసారీ మారదు. ఇక మీదట మధ్యచక్రం ఒక్కటే తిప్పితే చాలు.

ఇంత చేసినా రెండు బొమ్మలే కనిపిస్తే, చూశాక తల నొస్తుంటే, ఎప్పుడో కిందపడి లోపలి పట్టకం పక్కకి జరిగినట్టు. అది బయటనుంచి సర్దుకోదు. బాగుచేసేవాళ్లకి చూపించండి, లేదా పక్కన పెట్టెయ్యండి. అలాంటిదాంతో రోజంతా చూస్తే కళ్లు అలిసిపోతాయి.

స్నేహితులతో వెళ్తే ఇద్దరికి ఒకటి కనీసం ఉండాలి. ఎనిమిది మందికి ఒకటే ఉంటే ప్రతివాళ్లూ పైన చెప్పిన రెండు సర్దుబాట్లు మళ్లీ చేసుకోవాలి, ఈలోపు పక్షి వెళ్లిపోతుంది. ఒక చిన్న మెళకువ: కళ్లు పక్షి మీదనుంచి తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్లదగ్గరికి తెచ్చుకోండి. ముందు బైనాక్యులర్ పెట్టుకుని ఆపైన పక్షిని వెతికితే ఆకాశమే కనిపిస్తుంది.

ప్రశ్న: గులాబీరంగు వాటిమధ్య బూడిదరంగు ఫ్లెమింగోలు ఉన్నాయి. వేరే జాతా? (సూళ్లూరుపేట దగ్గర పనిచేసే ఉపాధ్యాయురాలు)

పిల్లలు. గులాబీరంగు పుట్టుకతో రాదు, తిండిలోని కెరోటినాయిడ్ల నుంచి వస్తుంది. ఆ రంగు ఈకలకి పూర్తిగా పట్టడానికి కొన్నేళ్లు పడుతుంది. బూడిద, గోధుమ కలిసిన ఈకలు, రంగులేని కాళ్లు ఉంటే అది ఈ మధ్య పుట్టింది.

వేరే జాతి కూడా ఉంది గానీ దాన్ని ఒంటిరంగుతో కాదు, ముక్కుతో పోల్చుకోవాలి. పెద్ద ఫ్లెమింగో ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నల్లగా సిరాలో ముంచినట్టు ఉంటుంది. చిన్న ఫ్లెమింగో ముక్కు దూరానికి మొత్తం నల్లగా కనిపిస్తుంది, ఎత్తు కూడా పెద్దదానికంటే బాగా తక్కువ. పులికాట్‌లో ఎక్కువ కనిపించేది పెద్దదే.

మీరు బడిపిల్లల్ని తీసుకెళ్తారు కాబట్టి ఒక పక్షినే పది నిమిషాలు చూపించండి. ముందు అది ఉన్నచోటే అడుగులు వేస్తుంది, కళ్లంలో ఎద్దు తిరిగినట్టు. కాళ్లతో బురద కలుపుతోందన్నమాట. తర్వాత మెడ దించి తలని తలకిందులు చేస్తుంది. పైదవడ కిందికి, కిందిదవడ పైకి వస్తాయి. గొంతు వేగంగా అదురుతూ కనిపిస్తుంది. లోపల నాలుక పంపులా ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్లు లాగి, ముక్కు అంచున ఉన్న సన్నటి జల్లెడ పళ్లలోంచి బయటికి తోస్తుంది. నీళ్లు పోతాయి, చిన్న జీవాలు, నాచు మిగులుతాయి. ముక్కు మధ్యలో ఎందుకు వంగి ఉందో ఇది చూస్తే పిల్లలకి మనం చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేం ఎంత మెల్లగా నడిచినా పక్షులు లేచిపోతున్నాయి. మాటలు కూడా లేవు. ఏ రంగు బట్టలు వేసుకోవాలి? (విజయవాడ)

బట్టలు ముదురు ఆకుపచ్చ, ఖాకీ, మట్టిరంగు మేలు, తెలుపు వద్దు. అది చిన్న విషయం. పెద్ద విషయం, మీరు నడుస్తున్నారు. పక్షికి నిలువుగా కదిలే మనిషి ఆకారమంటే భయం. కారంటే అంత భయం లేదు, ఎందుకంటే ఆ రోడ్డు మీద కార్లు రోజూ పోతుంటాయి. అద్దం దించుకుని కారులోనే కూర్చుని చూడండి. ఇంజను తప్పకుండా ఆపండి. తలుపు మీద బైనాక్యులర్ ఆనించినప్పుడు ఇంజను అదురు బొమ్మలోకి వస్తుంది. తలుపు చప్పుడు చేసి వెయ్యడం, ఎదురుగా ఉన్నవైపు దిగడం, ఒక్కసారిగా అందరూ దిగడం, ఈ మూడూ గుంపుని లేపేస్తాయి.

దిగక తప్పదంటే పక్షిని చూస్తూ దాని తలనిబట్టి అడుగు వెయ్యండి. తింటున్న పక్షి తల ఎత్తిందంటే మిమ్మల్ని గమనించింది. అక్కడే ఆగిపోండి, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ తల దించుతుంది. ఒకటి కాదు, గుంపులో చాలా తలలు ఒకేసారి లేచి, ఒంటివరస కట్టి అవతలికి నడవడం మొదలెట్టాయంటే ఇప్పటికే హద్దు దాటారు. రెండడుగులు వెనక్కి రండి. ఆ తర్వాతి మెట్టు ఎగరడమే. వెనక్కి వస్తే పక్షులు ముందుకి వస్తాయి, చాలాసార్లు. కదలకుండా అరగంట కూర్చున్నవాళ్ల దగ్గరికే ఉల్లంకులు మేస్తూ మేస్తూ పదడుగుల దూరానికి వస్తాయి.

ఫ్లెమింగోలు లేస్తే రెక్కల కింద ఎరుపు, నలుపు కనిపించి ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, పక్కవాళ్లు చేస్తుంటే ఆపండి. ఆ బరువైన ఒంటితో నీళ్లమీద పరిగెత్తి గాల్లోకి లేవడానికి ఎంతో శక్తి ఖర్చవుతుంది. ఒక సెలవురోజున పదిమంది పదిసార్లు లేపితే ఆ పక్షికి ఆ రోజు మేత లేనట్టే. వలస తిరిగి వెళ్లాల్సిన చిన్నపిట్టల సంగతి ఇంకా కష్టం. అవి మార్చి, ఏప్రిల్ కల్లా ఒంట్లో కొవ్వు నింపుకుంటేనే ఉత్తరానికి చేరగలవు. డ్రోన్ అసలే వద్దు. అది అభయారణ్యం, పక్కనే రాకెట్ కేంద్రం.

ప్రశ్న: అమ్మకి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి. నేలపట్టులో ఆమెకి ఏం కనిపిస్తుంది? (తిరుపతి)

వాచ్ టవర్ మెట్లు ఎక్కకపోయినా చెరువుగట్టు మీదనుంచే గూళ్లు కనిపిస్తాయి. మడత కుర్చీ ఒకటి, గొడుగు ఒకటి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లండి. గొడుగు ముదురురంగుది.

నీళ్లలో నిలబడ్డ ఆ చెట్లు నీటికడప. కొమ్మకొమ్మకీ గూళ్లు. పైకొమ్మల మీద గూడబాతులు, సందుల్లో నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు, నీడలో ముడుచుకుని చింతవక్కలు (నైట్ హెరాన్‌లు). చింతవక్క రాత్రి మేతకి వెళ్తుంది, కాబట్టి మిగతావి ఇల్లు చేరే వేళకి అది బయల్దేరుతుంది. నత్తగుల్లకొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది, పోకచెక్క కొరికే అడకత్తెరలా. ఆ ముక్కుతో నత్తని పట్టి లోపలి కండ లాగుతుంది.

మధ్యాహ్నం వెళ్లినా ఒకటి బాగా చూడొచ్చు. ఎండ మండుతుంటే తల్లి గూడబాతు సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు కొంచెం విప్పి, పిల్లలమీద నీడ పడేలా నిలబడుతుంది. ముక్కు కింది సంచి టపటపా అదురుతుంటుంది, అది ఒంటివేడి తగ్గించుకునే పద్ధతి. మేతకెళ్లినది వచ్చాక పిల్ల తన తల మొత్తం తల్లి నోటి సంచిలోకి దూర్చి చేప అందుకుంటుంది. కొత్తగా చూసేవాళ్లు తల్లి పిల్లని మింగుతోందనుకుని కంగారుపడతారు. ఆ చేపల్లో చాలావరకు పులికాట్‌వే. పొద్దున మీరు చూసిన సరస్సు, సాయంత్రం మీరు చూసే గూడు ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతున్నాయి.

గూళ్ల దగ్గర అరవడం, ఈల వేయడం సరస్సు దగ్గరికంటే పెద్ద తప్పు. తల్లి ఒక్క నిమిషం లేచిందంటే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

ప్రశ్న: ఫొటోల్లో తెల్లపక్షి ఒకచోట మాడిపోయినట్టు తెల్లగా, ఇంకోచోట బూడిదగా వస్తోంది. (హైదరాబాద్)

కెమెరా చుట్టూ ఉన్న వెలుతురుని సగటు చేస్తుంది. నేలపట్టులో ముదురు ఆకుల మధ్య తెల్లకంకణం ఉంటే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచుతుంది, ఈకల గీతలు చెరిగిపోతాయి. అక్కడ ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టండి. సరస్సు మీద మెరిసే నీళ్లు, ఆకాశం ఎక్కువ కాబట్టి వెలుగు తగ్గించేస్తుంది. అక్కడ ప్లస్ 0.7 నుంచి 1. ఎగిరే పక్షికి షట్టర్ సెకనులో 1000వ వంతు, అంతకంటే వేగం. ఫోన్ అయితే పక్షి మీద వేలు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకో కిందికో జరపండి, పని అదే.

ప్రశ్న: సరస్సు ఎండినచోట జీపు దించొచ్చా? (నాయుడుపేట)

వద్దు. పైన అట్టకట్టి పగుళ్లిచ్చిన పర్ర నేల గట్టిగా కనిపిస్తుంది, కింద జారుడు బురద అలాగే ఉంటుంది. చక్రం దిగిందంటే ట్రాక్టరు కూడా దగ్గరికి రాలేదు. మనిషి నడిచినా మోకాలిదాకా దిగే చోట్లున్నాయి. తీతువులాంటి నేలమీద గుడ్లు పెట్టే పక్షులకీ నష్టం. రోడ్డు మీదే తిరిగినా సరే, ఇంటికెళ్లాక బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

ప్రశ్న: ఫ్లెమింగో పండగకి వెళ్లమంటారా? రాకెట్ ప్రయోగం రోజైతే రెండూ చూడొచ్చు కదా? (కావలి)

పండగ సందడి, స్టాళ్లు, బస్సు సౌకర్యం, పిల్లలకి వివరించేవాళ్లు కావాలంటే పండగకి వెళ్లండి. పక్షులే కావాలంటే దానికి వారం ముందో వెనకో, అందులోనూ పనిరోజున వెళ్లండి. ప్రయోగం రోజు ఆ రోడ్డు మీద వాహనాల రద్దీ, తనిఖీలు ఎక్కువ. బండి ఆపనివ్వకపోవచ్చు. శ్రీహరికోట గేటు దాటి లోపలికి మామూలు రోజుల్లో కూడా పాస్ లేనిదే పంపరు. అక్కడిదాకా వెళ్లి తిరిగి రావడమే.

ప్రశ్న: అంత దూరం రాలేం. మా వైపు ఏమున్నాయి? (ఏలూరు, టెక్కలి, సంగారెడ్డి)

ఏలూరు వాళ్లకి కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేటి గూడబాతులు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు, ఊరి చెరువులోనే గూళ్లు, ఊరివాళ్ల కాపలా. టెక్కలి వాళ్లకి తేలినీలాపురం ఉండనే ఉంది. సంగారెడ్డి, హైదరాబాద్ వాళ్లకి మంజీర, అమీన్‌పూర్ చెరువు. అమీన్‌పూర్‌ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

ప్రశ్న: వేలకొద్దీ పక్షుల్ని ఎలా లెక్కపెడతారు? మాకూ చేయాలని ఉంది. (కాలేజీ విద్యార్థుల బృందం, నెల్లూరు)

నేర్చుకోండి, ఇది పనికొచ్చే పని. ముందు గుంపులో ఒక పక్క పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. అలాంటివి పది కలిపి వందముక్క ఎంత ఉంటుందో చూసుకోండి. ఇక గుంపుమీద ఆ వందముక్కని బద్దతో కొలిచినట్టు పరుచుకుంటూ వెళ్లండి. చిక్కు ఎక్కడంటే, గుంపు మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. ఒత్తుగా ఉన్నచోట తీసుకున్న ముక్కతో అంచులు కొలిస్తే లెక్క పెరిగిపోతుంది. రెండుచోట్లా వేర్వేరు ముక్కలు తీసుకోండి. ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా లెక్కపెట్టి ఆ తర్వాత పోల్చుకోండి. పెద్ద గుంపుల్ని కొత్తవాళ్లు సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారు. మీరే తీసిన ఫొటో మీద ఇంట్లో చుక్కలు పెట్టి సరిచూసుకుంటే నాలుగైదు సార్లకి కన్ను కుదురుతుంది.

పక్షి పేరు, సంఖ్య, చోటు, సమయం, ఎంతసేపు చూశారు, ఈ ఐదూ రాస్తేనే ఆ లెక్క ఎవరికైనా పనికొస్తుంది. ఈబర్డ్ యాప్‌లో ఎక్కించొచ్చు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. దాంట్లో అనుభవమున్నవాళ్ల పక్కన ఒక పూట నిలబడితే చాలా నేర్చుకుంటారు.

ప్రశ్న: ఒక ఉల్లంకి కాలికి రంగు ప్లాస్టిక్ ముక్క కనిపించింది. ఎవరో కట్టేశారా? తీసెయ్యాలా? (తడ)

పట్టుకోవద్దు. అది పరిశోధకులు వేసిన గుర్తు. ఎక్కడ ఆ గుర్తు వేశారో, ఎక్కడ కనిపించిందో కలిపితే ఆ పిట్ట దారి తెలుస్తుంది. మీరు చేయాల్సింది ఏ కాలికి ఉంది (పక్షి కుడి, మీ కుడి కాదు), కాలి మడతకి పైనా కిందా, ఒకటికంటే ఎక్కువుంటే పైనుంచి కిందికి ఏ రంగు తర్వాత ఏ రంగు, అక్షరాలు, అంకెలు ఏమైనా కనిపిస్తే అవి రాసుకోవడం. మసకగా వచ్చినా ఫొటో తీసి ఉంచండి. తారీకు, చోటు కలిపి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. అక్షరం సగమే చదవగలిగితే సగమే రాయండి, మిగతాది ఊహించి నింపొద్దు.